బాగానే ఉందన్న మనిషి

పోయిన వారం గంగను డోలీలోంచి దించి అంబులెన్స్ ఎక్కించామో లేదో పేజీ అయిపోయింది. ఆ పిల్ల బతుకుతుందో లేదో ముందు చెప్పండి, తరువాత కథ రాసుకోండి అని ఎడిటరు గారికి కోపంగా ఉత్తరాలు వచ్చాయట. చెప్పేస్తే ఇక కథెందుకు? కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని బండెక్కుదాం. జీలుగుపుట్టులో గంగ ఇంటి దగ్గరే ఆడపిల్లను కంది. కన్నాక నెత్తురు ఆగలేదు. మొగుడు మల్లేశు, ఊళ్లోవాళ్లు కలిసి డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. బండిలో రోగిని చూసుకునే పని లిదియాది. చింతపల్లి మిషను బడిలో పంతులు ఐజాక్ గారి కూతురు. ఈ ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది తిరగలేదు. బండి నడిపేది సుక్రు. ఘాటు దిగాక కింద ఊళ్లో ఆసుపత్రి, అందులో జగన్నాథరావు డాక్టరు గారు. ఆయనకూ అంబులెన్స్ వాళ్లకూ ఉప్పూ నిప్పూ అని మనకు తెలుసు. ఎందుకన్నది మాత్రం ఇంతవరకూ చెప్పుకోలేదు.

తప్పు డాక్టరుది కాదు. అంబులెన్స్ వాళ్లదే. బండి వెళ్లేసరికి మంచం ఖాళీ చేయించి పెట్టించాలంటే ఫోనులో ఒకటే మంత్రం, "సీరియస్ సార్, చాలా సీరియస్." జ్వరం సీరియస్, కాలి వేలికి దెబ్బ సీరియస్, ఇప్ప సారా ఎక్కువై పడిపోయినవాడూ సీరియస్. ఒకసారి ఆ మాట నమ్మి జగన్నాథరావు గారు థియేటరు తెరిపించి, పట్నం నుంచి మత్తు డాక్టరును కారు పెట్టి పిలిపించుకుని, చేతులు కడుక్కుని నిలబడ్డారు. బండి వచ్చింది. తలుపు తెరిచారు. రోగి తనంతట తనే దిగి, వేయించిన వేరుశనక్కాయలు వొలుచుకుంటూ లోపలికి నడిచి వచ్చింది. మత్తు డాక్టరు ఆ వేళ అన్న మాటలు పత్రికలో అచ్చువేసేవి కావు. అప్పటినుంచి జగన్నాథరావు గారు ఒట్టు పెట్టుకున్నారు. కళ్లతో చూసేదాకా థియేటరు తలుపు తియ్యను అన్నారు.

లిదియా వచ్చాక సీరియస్ అన్న మాటే మానేసింది. రోగి వయసు, జరిగింది, బీపీ, తను ఇచ్చిన మందు, ఎంతసేపట్లో వస్తామన్నది, ఇవి చెప్పి ఊరుకునేది. అవతల నుంచి "ఊఁ" అని ఒక్క ముక్క వచ్చేది. అది నమ్మకమో విసుగో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అయినా చెప్పవలసింది చెప్పడం తన పని, నమ్మడం ఆయన పని అనుకునేది. పంతులు గారి కూతురు కదా, పాఠం ఒప్పజెప్పినంత నిబ్బరంగా చెప్పేది.

ఇవాళ ఆ నిబ్బరానికి పరీక్ష వచ్చింది.

అరకులో సంత. మధ్యాహ్నమైనా మంచు పూర్తిగా విడలేదు. మూటలతో, మనుషులతో నిండిన జీపులు ఒకదాని వెనక ఒకటి ఘాటు ఎక్కుతున్నాయి. వాటికి ఎదురుగా అంబులెన్స్ కూత పెడుతూ దిగుతోంది. లోపల గంగ మొహం సున్నం కొట్టినట్టుంది. లిదియా ఒక చేతికి సూది గుచ్చి సెలైను వదిలింది. గర్భసంచి బిగిసే ఇంజెక్షను ఇచ్చింది. కాళ్లు ఎత్తి పెట్టి, కంబళి కప్పి, పొత్తికడుపు మీద అరచెయ్యి ఆనించి నొక్కుతూ రుద్దుతోంది. గర్భసంచి రాయిలా గట్టిపడితే నెత్తురు నిలుస్తుంది, మెత్తబడితే మళ్లీ పోతుంది. చెయ్యి తీస్తే చాలు, మెత్తబడుతోంది. మాయ ముక్క ఏదో లోపల ఉండిపోయింది. థియేటరులో తీస్తే తప్ప రాదు.

దానికి తోడు గోరుచుట్టు మీద రోకటిపోటు, గంగది దొరకని నెత్తురు. సంతలో కేంపు పెట్టినప్పుడు నర్సు చూసి ఓ నెగెటివ్ అని చెప్పిందట. కాన్పుకు ఆసుపత్రికే రమ్మని మరీమరీ చెప్పిందట. ఆ సంగతి మల్లేశు డోలీ దింపుతూనే చెప్పాడు. ఆ గ్రూపు కింద ఆసుపత్రిలో ఉండదు, పట్నం నుంచి రావాలి. బండి ఘాటు దిగడానికి పట్టేంత సేపూ పడుతుంది. ఇప్పుడే కబురందితే నెత్తురూ మనిషీ ఒకేసారి చేరతాయి. దిగాక చెబితే బల్ల మీద గంగ, దారిలో నెత్తురు.

కబురు అందించాలంటే ఈ ఘాటులో ఒకే చోటు ఉంది. కాఫీ తోట మలుపులో రోడ్డు మీంచి పైకి ఎక్కితే ఒక పెద్ద బండ. దాని మీద నిలబడితేనే ఫోను పలుకుతుంది. బండ దిగితే మూగది. మామూలుగా అయితే సుక్రు బండి ఆపితే లిదియా బండ ఎక్కి, చెప్పవలసింది చెప్పి దిగేది.

మలుపు రాగానే సుక్రు వేగం తగ్గించాడు. "అమ్మా, ఆపమంతారా? ఎక్కి దిగీసరికి సేనా సేపవుద్ది. సూడండి మరి."

లిదియా గంగ వైపు చూసింది. చేతికింద కడుపు మళ్లీ మెత్తబడుతోంది. బండి ఆపి కూర్చోవడానికి వీల్లేదు. ఫోను చెయ్యకుండా పోవడానికీ వీల్లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది. కానీ లిదియా రెంటిలోనూ పడే రకం కాదు. ఎదురుగా గంగ కాళ్లు పట్టుకుని కూర్చున్న మల్లేశును చూసింది.

"మల్లేశూ, నువ్వు దిగు."

అతను బిత్తరపోయాడు. "నానేటమ్మా? దాన్నొగ్గేసి నానెక్కడికి దిగేది?"

"వదిలెయ్యమనడం లేదు. ఆమె బతకాలంటే నువ్వు దిగాలి. నా చెయ్యి తీస్తే నెత్తురు ఆగదు. సుక్రన్న దిగితే బండి నడవదు. ఇంక మిగిలింది నువ్వే. ఫోను మాట్లాడడం వచ్చా?"

"సంతలో రూపాయి ఫోనులో ఒకపాలి మాటాడినాను."

"చాలు. ఇదిగో, నెంబరు నొక్కే ఉంది. బండ ఎక్కి ఈ పచ్చ మీట నొక్కు. డాక్టరు గారు పలుకుతారు. మూడు మాటలు చెప్పాలి. బీపీ డెబ్బై. మాయ ముక్క లోపల ఉండిపోయింది, నెత్తురు ఆగడం లేదు, ప్రాణం మీదికి వచ్చింది. ఓ నెగెటివ్ నెత్తురు తెప్పించి ఉంచండి. ఏదీ, చెప్పు."

"బీపీ డెబ్బై," అన్నాడు మల్లేశు. ఆగాడు. మూల సీటులో కూర్చున్న తల్లి వైపు ఒకసారి చూశాడు. "ఓ నెగెటు నెత్తురు తెప్పించండి."

"నడిమిది?"

అతని పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పరాయి ఆడమనిషి ముందు, తల్లి ముందు కాన్పు సంగతులు అనడానికి సిగ్గు పడుతున్నాడనుకుంది లిదియా. బండ మీద ఒక్కడే ఉంటాడు కదా, అక్కడ అంటాడులే అనుకుంది.

"ఆ బండ మీదే ఉండు. కిందకు దిగాక నేనే ఆ ఫోనుకు చేస్తాను. బండ దిగితే అది పలకదు, గుర్తు పెట్టుకో."

మల్లేశు గంగ నుదుటి మీద చెయ్యి పెట్టి తీశాడు. సుక్రు బండి పూర్తిగా ఆపకముందే అతను దూకేశాడు. వెనక అద్దంలోంచి చూస్తే నెత్తురు మరకల పంచె ఎగ్గట్టుకుని కాఫీ మొక్కల మధ్య నుంచి పైకి పాకుతున్నాడు. మంచి పని చేశాను అనుకుంది లిదియా. ఒక్క నిమిషం పోకుండా కబురు పంపాను.

రెండు మలుపులు దాటారు. మల్లేశు తల్లి రత్నాలు మూల సీటులో పసిగుడ్డును కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఎక్కినప్పటినుంచి ఆ ముసల్ది పెదవి విప్పింది ఒక్కసారే. నెత్తురు ఎప్పటినుంచి పోతోందని లిదియా అడిగితే, "బాగానే ఉంది" అంది. కోడలు పచ్చి నెత్తుట్లో తడిసి పడుంటే ఇదేం మాటని లిదియాకు ఒళ్లు మండింది. పాత కాలపు అత్తల మొండితనం అనుకుని ఊరుకుంది. ఇప్పుడు రత్నాలు తనంతట తనే నోరు విప్పింది.

"ఆడు సెప్పడు, గుంటా."

"ఏమిటి పెద్దమ్మా?"

"నువ్వు సెప్పమన్నదాన్లో నడిమి మాట. పేనం మీదికొచ్చిందని ఆడు సెప్పడు. డాట్టరు బాబు ఎలగుందిరా అనడిగితే బాగానే ఉంది అంతాడు."

లిదియాకు వెంటనే అర్థం కాలేదు. "ఎందుకంటాడు? బాగా లేదని అతనికి తెలీదా?"

"తెలీకేటి? తెలిసే అంతాడు. అది మా ఊరి కట్టు. రోగం మడిసిని దారిన ఎట్టినాక, సేరీసోటుకి సేరీదాకా, ఎవులడిగినా బాగానే ఉందనాల. బాగో నేదని నోట్నుంచొచ్చిందా, దారి పక్కనుండీవి ఇంటాయి. ఇని ఎనకాల పడతాయి. ఆడి తమ్ముడికి పదేళ్లప్పుడు జొరమొచ్చి డోలీ కట్టినాం. దారిలో సంతకెల్లీవోడెవడో అడిగినాడు, ఎలగున్నాడని. ఈడు సిన్నోడు, నోరు జారి, సచ్చిపోతన్నాడు అనీసినాడు. ఇంకో కొండ దాటనేదు. గుంటడు పోనాడు. నావల్లే పోనాడని ఇప్పటికీ కల్లో ఏడుత్తాడు."

సుక్రు అద్దంలోంచి వెనక్కి చూశాడు. అతనిది మరో పక్క ఊరు. ఈ కట్టు అతనూ వినలేదు.

లిదియాకు కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీద అని చెప్పాలి? ముసలావిడ మీద, ఆ కట్టు మీద, అన్నిటికంటే ముందు సిగ్గు అనుకుని సరిపెట్టుకున్న తన తెలివి మీద. "దిగేటప్పుడే ఈ మాట చెబితే నీ సొమ్మేం పోయింది పెద్దమ్మా?"

"నువ్వడిగినావేటి? దిగు అన్నావు. ఆడు దిగినాడు."

అడగలేదు. నిజమే. ఇన్నేళ్లుగా అంబులెన్స్ నుంచి చెడ్డ కబురు తప్ప మరో మాట వినని డాక్టరుకు, మొట్టమొదటిసారి బాగానే ఉంది అని కబురు వెళుతుంది. ఆయన హాయిగా కాళ్లు బారజాపుకుని పేపరు తిప్పుకుంటారు. నెత్తురు కోసం పట్నానికి మనిషిని పంపరు.

"ఎనక్కి తిప్పమంతారా అమ్మా?" అన్నాడు సుక్రు. "ఎదర కొంచెం జాగా ఉంది. తిప్పొచ్చు."

లిదియా ఆలోచించింది. ఎంతో సేపు కాదు. వెనక్కి పోతే ఎక్కుడు, ఎదురుగా సంత జీపులు, పైన మళ్లీ బండ ఎక్కడం. ఆ కాస్తలో గంగ ఉండదు.

"వద్దు. కిందకే పోనీ. పెద్దమ్మా, ఇటు రా. కొండదేవతలు వింటారో లేదో నాకు తెలీదు గానీ, నీ కోడలి కడుపు మాత్రం నా మాట వినడం లేదు. నీ మాట వింటుందేమో చూద్దాం. పిల్లను రొమ్ముకు పట్టించు."

రత్నాలు మొహంలో మొదటిసారి వెలుగు వచ్చింది. అది ఆవిడకు తెలిసిన పని. ఎంతమంది బాలింతలకు చేసిన చెయ్యో అది. కుదుపుల్లో మోకాళ్ల మీద కూర్చుని, గంగ రవికె తప్పించి, పసిదాని నోరు పట్టించింది. పిల్ల ముందు ఏడ్చింది, తల తిప్పేసింది. ముసలావిడ దాని బుగ్గ మీద వేలితో గీకింది. అంతే, గబుక్కున అందుకుంది. గంగ కళ్లు తెరవకపోయినా పెదవి కదిలింది.

లిదియా చేతికింద కడుపు మెల్లగా బిగిసింది. కొబ్బరికాయంత గట్టిగా అయింది. "అదీ! అలాగే పట్టు పెద్దమ్మా, వదలకు," అని అరిచింది లిదియా. సంతోషంతో అరిచింది. ఇందాకటి కోపం ఏ మలుపులో జారిపోయిందో ఆమెకే తెలీదు. బిగువు ఎంతసేపు ఉంటుందో చెప్పలేం. కానీ ఉన్నంతసేపూ ఘాటు దిగిపోవచ్చు. సుక్రు కూడా ఆ అరుపు విని కొత్త ఊపిరి వచ్చినవాడిలా బండిని మలుపుల్లో అటూ ఇటూ తిప్పుతూ ఒక్క కుదుపు కూడా గట్టిగా తగలకుండా దించాడు. అతను ఈ ఘాటులో జీపు నడిపిన రోజుల్లో జనం అతని బండి కోసం రెండు బళ్లు వదిలేసుకునేవారట. ఊరికే కాదు.

చెట్లు పలచబడ్డాయి. ఎండ కనబడింది. రోడ్డు తిన్నగా సాగింది. సుక్రు జేబులో ఉన్న ఫోను కిచకిచమంది. అతని ఫోను కంపెనీ వేరు, కొండ మీద పనికిరాదు, ఇక్కడికి వచ్చాకే దానికి ప్రాణం. ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, డాక్టరు గారి నెంబరు నొక్కి ఆ ఫోను వెనక్కి అందించాడు. రత్నాలు దాన్ని లిదియా చెవికి ఆనించి పట్టుకుంది. కొండ మీది కట్టు తెలిసిన ముసలావిడ ఫోను ఎటు వైపు పట్టుకోవాలో తెలీక మొదట తలకిందులుగా పెట్టింది.

ఒక్క మోతకే అవతల ఎత్తారు. నర్సు కాదు. డాక్టరు గారే.

"జగన్నాథరావు."

"సార్, లిదియాను. జీలుగుపుట్టు బాలింత. మీకు ఒకతను ఫోను చేసి బాగానే ఉందని చెప్పి ఉంటాడు. అది నమ్మకండి సార్. అతను..."

"నమ్మలేదమ్మాయ్."

లిదియా చెవిని ఫోనుకు ఇంకా గట్టిగా ఆనించింది.

"బీపీ డెబ్బై, బాగానే ఉందయ్యా అన్నాడు. బీపీ డెబ్బై ఉండి బాగానే ఉన్న మనిషిని నా సర్వీసులో చూడలేదు. తిప్పి తిప్పి అడిగాను. అడిగినప్పుడల్లా బాగానే ఉంది అంటాడు, ఏడుస్తాడు. మీవాళ్లు నవ్వుతూ సీరియస్ అనడం విన్నాను గానీ, ఏడుస్తూ బాగానే ఉంది అనేవాణ్ణి ఇప్పుడే విన్నాను. సరే, ఆవిడ సంగతి వదిలెయ్, నీ సంగతి చెప్పు అన్నాను. నీ పంచె మీద నెత్తురుందా? ఉందయ్యా. ఎంత మేర? పంచె రంగే తెలీడం లేదయ్యా. డోలీ మోసినవాళ్ల ఒళ్లంతా? అందరికీ ఉందయ్యా. తన గురించి, పక్కవాళ్ల గురించి అడిగింది అడిగినట్టు చెప్పాడు. ఆవిడ గురించి మాత్రం ఒక్క చెడ్డ మాట అననివ్వలేదు నన్ను కూడా. ఎందుకో నేను అడగలేదు. మాయ ముక్క లోపల ఉండిపోయినట్టేనా?"

"అవును సార్. పిల్లను రొమ్ముకు పట్టించాం, ప్రస్తుతానికి కడుపు బిగిసింది. బీపీ ఎనభైకి వచ్చింది."

"మంచి పని. థియేటరు తెరిచే ఉంది. మత్తు డాక్టరు వచ్చి కూర్చున్నాడు, తిట్టుకుంటూ."

లిదియా కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇన్నాళ్ల ఆ "ఊఁ"కు అర్థం ఇవాళ తెలిసింది. ఆయన వింటూనే ఉన్నారు. ప్రతి అంకె వింటూనే ఉన్నారు.

"నెత్తురు సార్?"

"ఒక సీసా దొరికింది. పట్నం నుంచి మోటారు సైకిలు మీద వస్తోంది. పట్నం అంతా గాలించినా రెండోది లేదు. ఒక్క సీసాతో నేను కత్తి పట్టుకోను, పట్టుకుంటే మధ్యలో ఆగిపోతాను. అయినా నీకు కంగారెందుకు, రెండోది నీ బండిలోనే తెస్తున్నావుగా?"

"నా బండిలోనా సార్?"

"మొగుడమ్మాయ్! ఆ గ్రూపు ఎవరికైనా ఉందా అని అడిగితే చెప్పాడు. కేంపులో ఇద్దరికీ చూశారట, నాదీ దానిదీ ఒకటే అన్నారయ్యా అన్నాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆమె అడగలేదు. గంగ గ్రూపు చెప్పగానే, సరే అని మిగతా పనుల్లో పడింది. ఇవాళ ఆమెను నిలదీస్తున్నవన్నీ అడగని ప్రశ్నలే.

"గట్టి మనిషేనా? కామెర్లు, గట్రా ఏమీ లేవు కదా? దిగగానే తిన్నగా లేబరేటరీకి పంపు."

"సార్," అంది లిదియా. "అతను బండిలో లేడు."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"లేకపోవడమేమిటి? నాతో మాట్లాడింది ఎక్కడినుంచి?"

"ఘాటు మీంచి. నా చెయ్యి తీసే వీల్లేక అతణ్ణి దింపి ఫోను ఇచ్చి పంపాను. మేం ఆగలేదు."

"కొండ మీద వదిలేసి వచ్చావా?" డాక్టరు గొంతు ఆసుపత్రి అంతా వినపడి ఉంటుంది. "నెత్తురు కోసం ఫోను చేయించడానికి, నెత్తురునే దింపేసి వచ్చావా?"

"అప్పటికి నాకు తెలీదు సార్. తెలిసినా దింపేదాన్ని. ఆ ఫోను లేకపోతే మీ థియేటరు తలుపు తెరుచుకునేది కాదు." మాట కాస్త పొగరుగా వచ్చిందని తెలుసు. వెనక్కి తీసుకోలేదు.

అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినబడింది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఇంకేదో ఉంది. "బేగి వచ్చెయ్ బాబూ, నీ నెత్తురు పడితేనే మీ ఆవిడ లేస్తుంది అని వాడితో చెప్పాను. బండిలో ఉన్నాడనుకున్నాను. వస్తన్నానయ్యా అని పెట్టేశాడు. ఏదైనా జీపు పట్టుకుంటాడా?"

సంత రోజు. జీపులన్నీ పైకే పోతాయి, పొద్దు వాలాక గానీ ఒక్కటీ దిగదు. లిదియా నోటితో అనకుండానే సుక్రు అద్దంలోంచి తల అడ్డంగా ఊపాడు.

"అతనితో మాట్లాడి చెబుతాను సార్. బండ మీదే ఉండమన్నాను."

ఆసుపత్రి గోడ కనబడుతోంది. ఏ వరసలో ఎన్నో మీటో లిదియా చెబుతుంటే రత్నాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ నొక్కింది. మోగింది. బండ మీద ఉంది కాబట్టే మోగింది. లిదియా గుండె కుదుటపడింది. కింద నుంచి ఏదైనా బండి పంపించే ఏర్పాటు చేద్దాం, డాక్టరు గారి కారైనా సరే, అనుకుంది. అంతలో అవతల ఎవరో ఎత్తారు.

"అలో?"

ఆడ గొంతు.

"ఎవరు మాట్లాడేది? మల్లేశు ఏడీ?"

"నాను సిట్టిని. కాఫీ పళ్లు కోసుకుంటన్నాను. ఆ బాబు మీ మడిసేనా తల్లీ? ఈ పోను నా సేతికిచ్చి, లిదియమ్మ మాటాడతాది, బండ దిగితే ఇది పలకదు, దిగకు అనీసి ఎల్లిపోనాడు. నా గంప కిందే ఉండిపోయింది, నానిక్కడే కూకున్నాను."

"ఎక్కడికి వెళ్లాడు? జీపు దొరికిందా?"

"జీపెక్కడిది? రోడ్డుకడ్డంగా నిలబడి రెండిటిని ఆపినాడు, ఎవులూ ఎనక్కి తిప్పనేదు. రోడ్డమ్మట నడిత్తే పొద్దుపోద్ది, రైలు పట్టాలమ్మట తిన్నగా దిగితే బేగి సేరతాననీసి లోయలోకి దూకినాడు. నాను ఒద్దన్నాను తల్లీ. పట్టాలమ్మట అన్నీ బొరియలే కదా, సీకటి గుయ్యారాలు. నా మాట ఇంటేనా?"

బండి ఆసుపత్రి గేటులోకి తిరిగింది. మెట్ల మీద జగన్నాథరావు గారు, ఆకుపచ్చ గౌనులో, చేతులు పైకి పెట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన ఇద్దరు స్ట్రెచరు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు.

"చిట్టీ, నీకు పట్టాలు కనబడుతున్నాయా? మల్లేశు కనబడుతున్నాడా?"

"ఇందాక అవుపడినాడు. మొదటి సొరంగంలోకి ఎల్లడం ఈ కళ్లతో సూసినాను. తెల్ల పంచె కదా, ఎర్రగైపోనా దూరానికి తెలుత్తాది." ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. ఫోనులో సన్నగా ఒక కూత మొదలైంది. అది పెరిగింది, పెద్దదైంది, ఇనుము మీద ఇనుము రాసుకునే మోతగా మారింది.

"ఏమిటది చిట్టీ?"

"గూడ్సు తల్లీ. ఇనప రాయేసుకుని కిందకి దిగతన్నాది. అదే పట్టా. అదే సొరంగం." చిట్టి గొంతు మోతలో మునిగి తేలుతోంది. "అటు మూతి ఇక్కడికి అవుపడదు. ఆడు దాటినాడో నేదో నాకేటి తెలుత్తాది?"

వెనక తలుపులు తెరుచుకున్నాయి. ఎండ లోపలికి పడింది. ఎవరో స్ట్రెచరు లాగారు. ఆ కుదుపుకు గంగ మొట్టమొదటిసారి కళ్లు తెరిచింది. చుట్టూ చూసింది. అత్తను చూసింది, పిల్లను చూసింది. తన కాళ్ల దగ్గర, మల్లేశు కూర్చున్న చోట ఎవరూ లేరు.

"ఆడేడీ?" అంది.

లిదియా చెవి దగ్గర గూడ్సు ఇంకా దిగుతూనే ఉంది. ఫోను పట్టుకున్న రత్నాలుకూ అన్నీ వినబడ్డాయి.

"వస్తున్నాడమ్మా," అంది లిదియా. "నీ కోసమే పరిగెత్తుకుని వస్తున్నాడు."